ప్రూఫు

ఛత్తాబజార్ సందుల, పెళ్లికార్డుల అత్తరు వాసన నడుమ
ముప్పై ఏండ్ల సంది తప్పులు ఏరుతున్న,
బియ్యంల రాళ్లేరినట్టు.

అప్పట్ల మేనిఫెస్టో అంటే
లింబాద్రి అంగీ జేబులకెల్లి తీసే నాలుగు మడతల కాయితం.
రాత్రంతా కొట్లాడి రాసుకున్నట్టు అడ్డంగ కొట్టేసిన గీతలు,
చాయ్ మరక, అంచుకు ఎవరిదో ఫోన్ నంబరు.
ఎన్నిసార్లు చెప్పినా 'స్వేచ్ఛ' మాత్రం తప్పే.
ఛ కింద చ వేలాడేది.
పైది కిందికి, కిందిది పైకి మార్చి పంపెటోణ్ని,
తెగిన చెప్పు కుట్టిచ్చినట్టు.

ఇప్పుడు రాత్రి రెండున్నరకు ఫైలొస్తది.
మనం గుర్రుపెట్టే యాళ్ల
యాడనో ఎవరికో నడి మధ్యాహ్నం.
'ప్రియమైన పౌరులారా' అంటది.
ఈ ఊర్ల ఎవరు ఎవరిని అట్ల పిలిచిండ్రు?
పదకొండో పేజీల
మంచు కురిసే నెలలల్ల ఇంటింటికీ హీటరు ఖర్చు ఇస్తరట.
బోరబండ రేకుల ఇండ్లకు!
ఎర్రగీత గీసి అడిగితే
ఆఫీసుల కొత్తగ కుదిరిన పిల్లగాడు సుధాంశు
"అట్లనే వెయ్యుండ్రి అంకుల్, పైనుంచి ఫైనలైంది" అన్నడు.
పైన అంటే ఎన్నో అంతస్తో చెప్పలే.

మూడోనాడు మొహియుద్దీన్ ప్రెస్సుల
ఎదుటి పార్టీ కాయితం చూసిన.
రంగు వేరు.
మంచు అదే.

ఒకప్పుడు బిల్లు కోసం ఆర్నెల్లు తిరిగెటోణ్ని.
ఇప్పుడు అడ్వాన్సు ముందే పడుతుంది, ఎవరి పేరు మీదనో.
బిడ్డ ఫీజు దాంతోనే కట్టిన.
అది గూడ చెప్పాలె.

అలవాటు కొద్దీ 'స్వేచ్ఛ' కోసం దేవులాడిన.
అరవై నాలుగు పేజీలు, రెండుమాట్ల.
తప్పు దొరకలే.
మాటే దొరకలే.

నిన్న లింబాద్రి వచ్చిండు.
పార్టీ పిలుసుడు బంద్‌జేసి రెండేండ్లాయె.
ఇందిరాపార్కు కాడ పది మందిమి కూసుంటమంటే
ఠాణాల నినాదాలు ముందే రాసిమ్మన్నరట, మూడు కాపీలు.
ఏది అనొచ్చో వాళ్లు టిక్కు పెడుతరట.
"జెర తప్పుల్లేకుండ సూడు" అని
కాయితం చేతుల పెట్టిండు.
నాలుగు మడతలు.
మూడో లైన్ల
ఛ కింద చ, గబ్బిలం లెక్క వేలాడుతుంది.

ఎర్రపెన్ను మూత తీసిన.
చానాసేపు చూసిన.
మూత పెట్టిన.

"అంతా సక్కగనే ఉంది" అని
రెండు చాయ్ చెప్పిన.