గుల్ల చప్పుడు

సిత్రాలో మా షెడ్డు ముంగట
హజ్జీ మక్కీ డాట్సన్ ఆపిండు.
ఎనభై రెండు మోడల్ పికప్.
బయటికి తెల్లగనే ఉన్నది,
పెండ్లికి సున్నమేసిన గోడ లెక్క.
సుత్తి తీస్కొని చిన్నగ కొట్టుకుంట పోయిన,
బానెట్ నుంచి వెనక చక్రం దాక.
టంగ్. టంగ్. టంగ్.
డోరు దాటినంక, దబ్.
కాలిన కుండకూ పచ్చి కుండకూ ఉన్నంత తేడా.

"సదా" అన్నడు హజ్జీ, తల వంచుకొని.

జంగును వీళ్ళు సదా అంటరు.
మనకైతే సదా అంటే ఎప్పటికీ.
ఇరవై రెండేండ్ల కింద ఈ మాట మొదటిసారి విని
బండి సదా ఉంటదంటున్నడనుకొని
అవునవునని తల ఊపిన.
ఉస్తాద్ నియామత్ కడుపు పట్టుకొని నవ్విండు.

ముప్పై ఏండ్లు చేపలు మోసిన బండి.
తడి వలలు, ఐసు పెట్టెలు.
ఉప్పునీళ్ళు మడతల్లకు దిగి, కూసొని, తిన్నయి.
పెయింటు మీద చిన్న బుగ్గ లేచేసరికి
లోపట పని అయిపోయుంటది.

గ్రైండర్ పెడితే ముందుగాల లేచింది పుట్టీ,
వేలెడు మందం.
షొహాగ్ మీసాలు ఒక్క నిమిషంల నెరిసినయి.
దాని కింద అతుకు. రేకు కాదు,
రోడ్డు బోర్డు ముక్క.
నీలం మీద ఒక అరబ్బీ అక్షరం,
పడవ లెక్క వంపు, కింద చుక్క.
ఎవడో రివిట్లు కొట్టి, పుట్టీతో పూడ్చి,
పైసలు జేబుల ఏసుకున్నడు.
తిట్టబోయి ఆగిన.
అంగుళానికొక రివిటు, కొలిచి కొట్టినట్టు.
మోసం గూడ ఎంత శ్రద్ధగ చేసిండు!

మంచి ఇనుము దొరికేదాక కోస్తనే ఉన్న.
నాలుగేళ్ళ తూటు అనుకున్నది మోచెయ్యంత అయింది.
హజ్జీ స్టూలు మీద కూసొని
తన పన్ను పీకుతున్నట్టు మొఖం పెట్టిండు.
చాలన్నడు. చాలదన్న.
జంగు మీద అతుకు నిలవదు హజ్జీ,
ఇసుకను ముడెయ్య రాదు.

నీలం ముక్క ఆయన చేతుల పెట్టి
ఏం రాసుందో చెప్పుమన్న.
వెలుగుకు పట్టి తిప్పి తిప్పి చూసిండు.
"బే. మాట తోక మిగిలింది.
జనూబ్ కావచ్చు, దక్షిణం.
బాబ్ కావచ్చు, తలుపు.
కిలాబ్ గూడ కావచ్చు, కుక్కలు."
నవ్వి, తోబ్ అంచుకు తుడిచి, జేబుల పెట్టుకున్నడు.

మెట్‌పల్లిల ట్రాక్టర్ ట్రాలీలు అతికిన చెయ్యి నాది.
అక్కడ కరెంటు పెంచి గీత గీసుడే.
ఇక్కడికొచ్చిన మొదటి నెల
ఎన్ని రేకులకు తూట్లు పొడిచిన్నో.
"పాపడ్ అనుకో బేటా" అంటుండె ఉస్తాద్.
ఒక చుక్క. చెయ్యి తియ్యి.
జానెడు దూరం పోయి ఇంకో చుక్క.
మళ్ళ వెనక్కి రా.
మంట పెట్టుడు ఎవలకైనా వస్తది,
ఆగుడే పని.

ఆగస్టుల గాలే వేడి, రేకు ఎట్ల చల్లారాలె?
అందుకే రాత్రి, పది దాటినంక మొదలు.
సముద్రం కనబడదు, వాసన తెలుస్తది.
చుక్కకూ చుక్కకూ నడుమ
అద్దం లేపి చెమట తుడుచుకుంటే
గోడ మీది గడియారం, చాయ గ్లాసు,
నిద్రల ఊగుతున్న హజ్జీ.
మళ్ళ అద్దం. మళ్ళ ఆకుపచ్చ చీకటి.
అందుల శెనగగింజంత సూర్యుడు.

రెండున్నరకు అరగదీసి, జింకు కొట్టి,
ఆరినంక సుత్తి అందుకున్న.
టంగ్.
పాత ఇనుమంత పొడుగు లేదు చప్పుడు.
కొంచెం పొట్టి. అయినా పలికింది.

"ఎన్నేండ్లు?" అన్నడు లేచి.
మూడు. వల నీళ్ళు కారనియ్యకుంటే ఐదు.
"హమేషా కాదా?"
సదా, హజ్జీ.
"ఏ సదా?"
ఇద్దరం నవ్వినం. పైసలు లెక్కబెట్టి ఇచ్చిండు,
ఒక దినార్ ఎక్కువ.

షొహాగ్ నేల ఊడ్చిండు. ఎర్రటి పొడి, డబ్బెడు.
పారబొయ్యకురా అన్న.
ఎందుకన్ననో నాకే తెల్వదు.
పొద్దుగాల లేచి చూస్తే
డబ్బ కడిగి, అండ్ల నట్లు ఏసి పెట్టిండు.