టికెట్టు లేని లగేజీ

అనంతపురం నుంచి ఉరవకొండకు
పొద్దున ఆరున్నర పల్లెవెలుగు.
కూడేరు స్టేజీలో ఎక్కే అవ్వ ఒకామె
నా ఖాకీ కోటు ముందు ఆగి
"ఎన్నో నెల తల్లీ, కూర్చోరాదా" అనేది.
డెబ్బై ఏండ్ల మనిషి
నలభై ఆరేండ్ల నాకు సీటిచ్చేది.

"ఏడో నెల" అనేదాన్ని.
ఎనిమిదేండ్లుగా ఏడో నెలే.

నెలకు పది దినాలు
టికెట్ల కన్నా ముందు లెక్కపెట్టేది గుడ్డలే.
బస్సు కుదిపినప్పుడల్లా లోపల ఏదో జారేది.
లేచిన ప్రతిసారీ
కూర్చున్న సీటును వెనక్కి తిరిగి చూసుకోవడం
రైట్ రైట్ అన్నంత అలవాటు.

స్కానింగులో తేలింది: గర్భసంచి నిండా గడ్డలు.
రెండు రేగుపండ్లంత, ఒకటి చీనికాయంత,
ఒకటి మాత్రం
పేరు పెట్టి పిలవాల్సినంత.

మా పిన్నమ్మ ఓబులమ్మకు ఇట్లాంటిదానికే
బళ్ళారిలో బొడ్డు నుంచి కిందిదాకా కోసినారు.
మూణ్ణెల్లు మంచం.
మూణ్ణెల్లు డ్యూటీ మానితే
ఇంటి బాడిగ ఎవరు కడతారు?

డాక్టరు నళినాక్షమ్మ భయపెట్టలేదు.
"చెంబులో పెరిగిన కర్బూజాను
చెంబు పగలకుండా తీయాలంటే ఏం చేస్తావ్, చెప్పు?"
"లోపలే తరగాల."
"అంతే. సంచిలో పెట్టి, తరిగి, కొంచెం కొంచెం."

రక్తం ఆరే ఉందన్నారు.
డ్రైవరు వన్నూరప్ప ఒక బాటిలు,
గ్యారేజీ ఫకృద్దీను ఒకటి,
ఎప్పుడూ నా మీద రిపోర్టు రాసే చెకింగు సారు ఒకటి.
ఆయన రక్తం ఎక్కుతున్నంతసేపూ
నా చిల్లర లెక్క మీద నాకే అనుమానం.

మత్తు దిగినాక తడుముకుంటే
పాతకాలం టికెట్టుకు గుద్దినట్టు
నాలుగు చిల్లులు.
ఒకటి బొడ్డులోనే.
మా యమ్మతో నన్ను కట్టిన ముడి దగ్గర దూరి
నా బిడ్డ పడుకున్న గదిని
తునకలు తునకలుగా బయటికి తెచ్చినారు.
దానికి ఏడవాలో లేదో తెలీక
నీళ్ళడిగినా.

రెండు కిలోల నూరు గ్రాములంట.
ఎనిమిదేండ్లు, దినానికి నాలుగు ట్రిప్పులు,
టికెట్టు లేకుండా మోసిన లగేజీ.
చెకింగు సారుకు చెప్పలేదు.

పొట్టలోకి ఊదిన గాలి
కుడి భుజంలో చిక్కుకుని రెండు రాత్రులు పోట్లు.
"గాలే కదక్కా, తిరిగి తిరిగి పోతుంది"
అంది నర్సు షాహీన్.
ఉరవకొండ దోవలో గాలిమరలు గుర్తొచ్చినాయి.

రెండు నెల్లకు డ్యూటీ.
మొదటి గుంతలో బస్సు ఎగిరింది.
లోపల ఏదీ జారలేదు.
అయినా సీటు వైపు చూసుకున్నా.

కూడేరులో అవ్వ ఎక్కింది.
నా నడుము చూసి ముక్కు మీద వేలేసుకుని
"అయ్యో, కాన్పయిందా! ఆడబిడ్డా, మగబిడ్డా?"
చెప్పేలోపే
రొండిన దోపుకున్న తిత్తి విప్పి
పది రూపాయల నోటు తీసి
"బిడ్డ చేతిలో పెట్టు" అంది.

బ్యాగులో వేస్తే లెక్క ఎక్కువొస్తుంది,
అదీ తప్పే.
ఉరవకొండ దాకా గుప్పిట్లోనే పెట్టుకున్నా.
దిగేటప్పటికి చెమటకు మెత్తబడి
వెచ్చగా ఉంది.