మద్దెల నిజంగానే ఓడు

తొంభై పౌన్లన్నాడు.
ఆదివారం సంతలో, పాత కుక్కర్లకీ తడిసిన నవలలకీ మధ్య
ఎర్రగళ్ల గుడ్డ చుట్టుకుని
మూడు కొమ్ములూ పైకెత్తి కూచుంది బ్యాగ్‌పైప్.
వెండిరంగు పట్టీల మీద లతలు.
బేరమాడితే ఎనభైకిచ్చాడు.
మిగిలిన ఆ పదికి
టే నది వంతెన దాకా నవ్వుకుంటూ నడిచాను.

కొన్నది వంకాయ.
కొసరు గుమ్మడికాయ తర్వాత తెలిసింది:
రీడ్లకి ఇరవై, తిత్తి లోపల పూసే జిగురుకి పదిహేడు,
అతుకులకి చుట్టే నారదారం ఆరు,
కింద ఇంటి ఈఫా డెంప్‌స్టర్‌కి
క్షమాపణగా కేకు, రెండుసార్లు.

డండీ ఆసుపత్రిలో నా ఉద్యోగం
ఊపిరి కొలవడం.
"ఊదండి, ఊదండి, ఇంకా, ఇంకా, ఆపకండి" అని
రోజుకి పన్నెండు మందిని అదిలిస్తాను.
జనపనార మిల్లు దుమ్ము మింగిన ముసలమ్మలు
నా గొట్టంలోకి ఊది
గీత ఎంతదాకా ఎక్కిందోనని
బడిపిల్లల్లా తొంగి చూస్తారు.
అలాంటి నాకు
మూడు వారాలైనా తిత్తి నిండలేదు.
బుగ్గలు బూరెలు, కళ్లలో చుక్కలు.
వచ్చిన శబ్దమా,
తలుపు సందులో తోక పడ్డ పిల్లి
తన బాధని వాయిదాల్లో చెల్లించినట్టు.

ఆడలేక మద్దెల ఓడంటారని
నోరు మూసుకున్నాను.
వయసేమో. ఒంట్లో లేదేమో సంగీతం.
ఒక సాయంత్రం అందరూ వెళ్లాక
ఆసుపత్రి యంత్రంలోకి నేనే ఊదాను.
నూట నాలుగు శాతం.
యంత్రం చెడిందనుకున్నాను గానీ
ఎర్రగళ్ల గుడ్డని అనుమానించలేదు.

ఉత్తరాలు పంచి రిటైరైన తోర్క్విల్ బేకీకి
అర నిమిషం చాలింది.
కొమ్ములకి సీసా బిరడాలు బిగించి
ఒక్కసారి ఊది, చంకలో నొక్కి,
నా చెయ్యి తీసి అతుకు దగ్గర పెట్టాడు.
చల్లగా, సన్నగా
వేళ్ల సందుల్లోంచి పోతోంది గాలి.
"నీ మూడు వారాలూ ఇటే పోయాయి."

మద్దెల నిజంగానే ఓడు.
ఆ సామెత కట్టినవాడికి
మంచి మద్దెల ఉండి ఉంటుంది.
తప్పు తనదో కర్రదో
తెలిసేంత విద్యే ఉంటే
కొత్తవాడు కొత్తవాడెందుకవుతాడు?

పట్టీ వెనక చిన్న అచ్చు: సియాల్‌కోట్.
బేకీ కర్రని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.
"చెక్కదేం తప్పు లేదు.
ఎవరో ఇతన్ని తొందరపెట్టారు."
ఇతన్ని, అన్నాడు.
అప్పుడు కనిపించాడు నాకు,
చిత్రిక మీద వంగి, రంపప్పొట్టు రెప్పలతో
సాయంత్రంలోగా ఇన్నని లెక్క అప్పజెప్పేవాడు,
తను తొలిచిన కొమ్ము
పలకగా ఎన్నడూ విననివాడు.
వంతెన మీద నేను నవ్వుకున్న పది
ఎవరి జేబులోదో.

మా వైపు వీధి భాగోతాల్లో
వెనక వరసలో ఒకడుండేవాడు, శ్రుతి తిత్తి ఊదుతూ.
రాత్రంతా ఒకే స్వరం. పేరు ఎవరూ అడగలేదు.
మేకతోలు, తేనెమైనం.
తెల్లారేదాకా చుక్క గాలి కారేది కాదు.
ఆ మాట బేకీకి చెబితే
చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత సొరుగులోంచి
నల్ల ప్లాస్టిక్ గొట్టం తీసిచ్చాడు,
తిత్తీ లేదు, కొమ్ముల్లేవు, లతల్లేవు.
"ఏడాది ఇదే."
"ఏడాదా?"
"తొందరైతే రెండేళ్లు."

ఇప్పుడు వంటగది బల్ల దగ్గర
తొమ్మిదంటే తొమ్మిదే స్వరాలు.
ఉంగరపు వేలు ఇంకా మాట వినదు.
ఆ తప్పు మాత్రం నాదే, నిక్కచ్చిగా నాదే,
ఎంత హాయో!

మొన్న మంగళవారం ఒకావిడ ఊదుతుంటే
గీత సగంలో కూలబడింది.
"ఇంకా, ఇంకా" అనబోయి, ఆగి,
గొట్టం అతుకు చుట్టూ చెయ్యి పెట్టి చూశాను.
చల్లగా ఏమీ తగల్లేదు.
గొట్టం బాగానే ఉంది.
ఆ మాట ఆవిడకి చెప్పడానికి
నా నూట నాలుగు శాతమూ చాల్లేదు.