తాలు

ఏనుమాముల మిర్చి యార్డుల
ఇరవై ఆరేండ్లు నా పని ఒక్కటే:
బస్తా మూతి ఇప్పుడు, గుప్పెడు తీసుడు,
తొడిమె పట్టి చెవికాడ ఊపుడు.
గింజ గలగలమంటే ఎండినట్టు.
మోగకపోతే తేమ.
తెల్లమచ్చ కనవడితే తాలు.
జెండా పాట ఎంత పలికినా
నేను చీటీ మీద రాసిందే రైతుకు ధర.

ఆ సోమవారం హన్మకొండల
నా చేతిల ఒక చీటీ పెట్టిండ్రు.
సౌభాగ్య ఎడమ రొమ్ముల నుంచి
సూదితోని తీసిన దారప్పోగంత ముక్కను
ఆమె మొఖమన్నా చూడని మనిషెవరో
అద్దం కింద చూసి రాసిన గ్రేడు:
మూడు.

"మూడంటే ఎంత తరుగు మేడం?" అన్న.
నోటికొచ్చిన మాట అదొక్కటే.

నుస్రత్ డాక్టరమ్మ నవ్వలేదు.
కాయితం తిప్పి బొమ్మ గీసింది.
"కణం తన ఇంటి పోలిక ఎంత మరిచింది,
ఎంత జల్ది రెండైతున్నది, అది గ్రేడు.
ఎంత పెరిగింది, యాడిదాక పోయింది, అది స్టేజి.
గ్రేడు గుణం. స్టేజి దూరం.
రెండూ ఒకటనుకోకు."

అనుకోను.
బూజు పట్టిన బస్తా నాకెరుకే.
ఒక్కదాంట్ల ఉన్నంతసేపు ఎత్తి అవతలేస్తం.
పక్క బస్తాకంటితే లాటంత ఆపుతం.
గోడ దాటి ఇంకో గోదాముల తేలితే
ఇగ ఆ లెక్క వేరే.
ఆమెది ఐదు సెంటీమీటర్లు దాటింది.
చంకల రెండు గింజలు దొరికినయి.
కాలేయం, ఊపిరితిత్తి, ఎముక ఖాళీ. గోడ దాటలేదు.
"మూడో స్టేజి. నయం చేద్దామనే మొదలుపెడుతున్నం."
ఆ నయమన్న మాట ఒక్కటి
మడిచి అంగి జేబుల పెట్టుకున్న.

ముందు మందు, గడ్డ గుంజుకపోనీకి.
తర్వాత కత్తి. తర్వాత కరెంటు.
వార్డుల అందరు రేడియేషన్‌ను కరెంటనే అంటరు.
మందు ఇరవై ఒక్క దినాలకోపారి.
"ఇరవై ఒకటో దినమంటే తొట్లెలేసుడు గద,
నాకెన్ని తొట్లెలు?" అన్నది సౌభాగ్య.
ఎనిమిది.

మొదటి సీసా ఎర్రగుంది.
తేజ కాయలు నానేసిన నీళ్ళ లెక్క.
"ఘాటెట్లుంటది?" అని నన్నే అడిగింది,
నేను కొన్న సరుకైనట్టు.
రెండో సీసాకు ముందే దువ్వెన నిండింది.
గోళ్ళు నల్లబడ్డయి. బువ్వ ఇనుము వాసనొచ్చింది.
నేను యార్డు నుంచి వస్తే
"అంగి బయటిప్పి రా" అని ముక్కు మూసేది.

పోయిన వారం వాల్యా నాయక్
పదకొండు బస్తాలు దింపిండు.
మూడు తాలు. చీటీ రాసిన.
"ఏం తక్కువైంది సారూ?" ఏటా అడిగేదే.
ఏటా నేను పక్క లాటుకు పోయేటోణ్ణి.
ఈసారి కూసున్న.
కాయ ఇరిచి చూపెట్టిన: ఇగో మచ్చ, ఇది ముసురు దెబ్బ,
నీ చేతి తప్పు గాదు.
ధర మారలేదు.
ఇరిగిన కాయను అరచేతిల పెట్టుకొని
శానాసేపు చూసిండు వాల్యా,
నేనా బొమ్మ కాయితం చూసినట్టు.

నాలుగో సీసా తర్వాత డాక్టరమ్మ మళ్ళ కొలిచింది.
మూడు సెంటీమీటర్లు.
రాసిన గ్రేడు అట్లనే ఉంటదట. రాసిన స్టేజీ అంతే.
గడ్డ ఒక్కటే చీటీ మాట ఇనలేదు.

బయటికొచ్చినంక బజ్జీల బండి కాడ
ఆగింది సౌభాగ్య.
మూకుడుల మిరపకాయలు పొంగుతున్నయి.
తినలేదు.
ముక్కు మీద కొంగు తీసి
వాసన చూసింది.