ఆరు గుంటలు

ఆరు గుంటలంటే మా దిక్కు భూమి లెక్క.
పట్వారి రాసేది, పాలోళ్లు కొట్లాడేది.
ఓదెలన్న వచ్చి గుంటకో జెండా పాతినంక
ఆ మాటకు ఇంకో అర్థం మొలిచింది.

పదిహేడేండ్లు పట్నంల పెద్దసార్ల గోల్ఫు సంచులు మోసిండు.
ఎవరి బంతి ఏ పొదల పడ్డదో చూసి
చూడనట్టు ఉండుడు నేర్చిండు.
ఊరికి తిరిగొచ్చేటప్పుడు తెచ్చింది
ఏడు కర్రలు, గోనెసంచెడు గీతలువడ్డ బంతులు,
ఒక మోకాలి నొప్పి.

మూతవడ్డ కంకర క్వారీ కింద
పత్తి పండని, పల్లి పండని రాళ్లబోడు.
ఎండకాలమంత ఊరే దిగింది దాంట్ల.
మొండయ్య ట్రాక్టరుకు బ్లేడు కట్టిండు,
డీజిల్ పైసలు అడగలె.
నీళ్లు పడని బోరు కేసింగు పైపు జానెడు జానెడు కోసి
భూమిల దిగ్గొడితే గుంటలైనయి.
జెండాలు యూరియా సంచులు.
గ్రీన్ అంటం గని నల్లగుంటది:
క్వారీ దుమ్ముల కాలిన ఇంజన్ ఆయిలు కలిపి
బాయిగోలం దొర్లించి చదును చేసినం.
దాని మీద బంతి పోతే
స్లేటు మీద బలపం గీసినట్టు గీత.
గడ్డి కోసేది రాజీరు గొర్లు.
ఆట నడుమ అవి అడ్డమొస్తే
ఆగాల్సింది మనమే.

చాయ్ హోటలు గోడకు బొగ్గుతోని మూడు రూల్సు:
బంతి బూదమ్మ పత్తిల పడితే వదిలెయ్యాలె, చెట్టు తొక్కద్దు.
గొర్రె మింగితే (మింగదు, ఒకవేళ మింగితే) మల్ల కొట్టాలె.
ఎవని లెక్క వాడే చెప్పాలె.

నేను జిన్నింగు మిల్లుల కాంట మీద కూసుంట.
బండి ఎక్కుతది, ఎర్ర అంకెలు ఊగుతయి,
అవి నిలవకముందే నేను చదువుత.
తేమ అంట. తరుగు అంట.
గిట్ల చదువుమని సేటు ఎన్నడు చెప్పలె,
వద్దని సుత చెప్పలె.

మాఘమాసం, ఆదివారం పొద్దుగాల.
మోదుగులు గట్టు పొడుగూత ఎర్రగ పూసినయి.
మొండయ్య బిడ్డ నవత, తొమ్మిదో తరగతి,
చెప్పులు ఇడిసి, కొంగర్రలా నిలవడి
కొట్టిందంటే బంతి దారం కట్టి గుంజినట్టు పోతది.
నాది ఆరో గుంటకాడ గుండు వెనుకకు పోయింది.
రాయికి ఆనుకొని, పొదిగే కోడోలె కదలకుంట.
కొట్టే సందు లేదు.
అటు చూసిన, ఇటు చూసిన.
తీతువు ఒక్కటి అరుసుకుంట లేచింది.
చెప్పుతోని జరంత జరిపిన.
జరంతే.

తర్వాత మంచిగ కొట్టిన. అదే బాధ.

ఓదెలన్న కిరాణం ఖాతాబుక్కు తెరిచిండు.
"ఎంత?"
"ఐదు" అన్నది నా నోరు,
కాంట మీద అలవాటైన నోరు.
పెన్ను కాయితం మీద పెట్టి ఆపిండు.
నా మొఖం దిక్కు చూడలె.
చూడకుంట ఉండుడు ఆయనకు తెలిసినంత
ఈ మండలంల ఎవనికీ తెల్వదు.
నవత చెప్పులు వెతుక్కుంటున్నది.
రాజీరు గొర్రెను అదిలిస్తున్నడు.
ఎవరూ ఏం అంటలేరు,
ఎండ మాత్రం గుండు మీంచి దిగి నా కాళ్ల కాడికొచ్చింది.

"ఏడు రాయి" అన్న.
రాసిండు. అంతే. చాయ్ పైసలు నాయి.

సోమవారం బూదమ్మ పత్తి వచ్చింది,
అప్పుదెచ్చిన ట్రాలీల, పైన పాత దుప్పటి కప్పి.
అంకెలు ఊగుతున్నయి.
సేటు ఫోనుల మాట్లాడుకుంటనే
ఎందుకు ఆలస్యమన్నట్టు చేయి ఊపిండు.
రేపటి బండ్లకు ఏం చేస్తనో నాకు తెల్వదు,
నౌకరి ఉంటదో లేదో సుత తెల్వదు.
గప్పటికైతే
బంతి గుంట అంచున తిరిగి తిరిగి
పడుడో పడకపోవుడో తేలేదాక
ఊపిరి బిగవట్టి నిలవడ్డట్టు
ఆ ఎర్ర అంకె ఆగేదాక
ఆగిన.