ఒక్క బాదం

క్రిస్మస్ ముందురోజు తొలిచుక్క పొడిస్తే గానీ
ముద్ద ముట్టదు బోగ్నా, వాళ్ళ పోలండు పట్టు.
ఈ ఫిన్లాండు డిసెంబరులో చుక్కలెక్కడివి?
మూడింటికే చీకటి, పైన మబ్బు మూత.
ఆవిరిగది చల్లారిపోతోందని నా గోల.

పెళ్ళైన ఏడు పోట్లాడుకున్నాం కూడా,
ఎవరూ లేని కుర్చీ ముందు కంచమెందుకని.
"వస్తే?" అంది. అంతే.

బాల్కనీలోంచి ఇల్మా కేక: "చుక్క!"
రేవులో క్రేను దీపమది.
ఇద్దరం నోరెత్తలేదు.
ముందు వాళ్ళ చేప, తర్వాత మా ఆవిరి,
తడి జుట్టుతోనే పాలజావ.

జావలో బాదం ఒక్కటే వేస్తాం,
దొరికినవాళ్ళదే ఏడాది అదృష్టం.
గిన్నె అడుగు కనిపించినా
ఎవరి పంటికీ తగల్లేదు.

అంట్లు తీస్తుంటే
ఆ ఖాళీ కంచంలో
ఇల్మా ఎప్పుడు వడ్డించిందో,
చెంచాడు జావ, బాదం.

ఆ ఒక్కటీ కడగలేదు.