ఆలస్యానికి కారణం

మర్రిపాలెం పాస్‌పోర్టు ఆఫీసు ఎదురుగా
నీలం గొడుగు కింద నా టైపు మిషను.
హుద్‌హుద్‌కి ముందు ఇక్కడో నేరేడు చెట్టుండేది.
ఆ సంగతికి నేనూ, టీ బండి ఆదెమ్మా తప్ప
ఇప్పుడు సాక్షులు లేరు.

జాలారిపేట నించి వచ్చింది నూకరత్నం,
నాలుగేళ్ల లోవరాజు చెయ్యి పట్టుకుని.
కవరులో ఒక అరబ్బీ కాగితం,
ఒక్క ప్రయాణానికే చెల్లి
దిగగానే చచ్చిపోయిన తెల్ల ఔట్‌పాసు.
బడిలో వేయబోతే హెడ్మాస్టరు అడిగాడట:
"వీడిది ఏ దేశమమ్మా?"
"నా కొడుకు బాబూ" అందట.
అది జవాబు కాదన్నాడట.

నాకు తేదీలు కంఠతా వచ్చు.
తొంభై రెండు డిసెంబరు దాకా
పరాయి గడ్డన పుట్టిన బిడ్డకి
తండ్రి దేశమే దేశం.
తొమ్మిది నెలలు మోసిన మనిషి
చట్టం లెక్కలో కూలిమనిషి.
తర్వాత కాస్త జరిగి తల్లికీ చోటిచ్చారు.
రెండువేల నాలుగు డిసెంబరు నించి ఇంకో మెలిక:
ఏడాది తిరక్కముందే
అక్కడి మన ఎంబసీలో పేరు రాయించాలి.
తిరిగిపోతే ఢిల్లీ ఒప్పుకోవాలి.
ఒప్పించడానికి ఒక ఫారం.
ఫారంలో ఒక గడి, ఆలస్యానికి కారణం.
రెండు గీతల జాగా.

"ఏటి రాస్తారు బాబూ?"
"నువ్వు చెప్పు, నేను కొడతాను."

సలాలాలో మేడమ్మ ఇంట్లో పదకొండు గదులు.
తన పాస్‌పోర్టు మేడమ్మ బీరువాలో,
బీరువా తాళం మేడమ్మ మెళ్లో.
వంటవాడు నిమల్‌ది లంకలో ఏదో రేవూరు,
చేపల పులుసులో కొబ్బరిపాలు పోసేవాడు.
"మొదట్లో వాంతొచ్చేది, తర్వాత బాగుండేది."
కడుపు బయటపడే నాటికి
అతని వీసా అయిపోయింది.
ఎంబసీ మస్కట్‌లో,
ఒక పగలంతా ఎడారిలో బస్సు.
శుక్రవారం సెలవన్నారు గానీ
చుట్టాలు శుక్రవారమే వచ్చేవారు.

ఆమె తెలుగులో ఏడుస్తోంది,
నేను ఇంగ్లీషులో కొడుతున్నాను.

నా సంగతి ఎవరూ అడగరు.
నేను పుట్టింది రంగూన్‌లో.
ఎనిమిదేళ్లప్పుడు ఇక్కడ ఓడ దిగితే
రేవులో గుమాస్తా మా నాన్న పేరు అడిగి
నలుగురు పిల్లల్నీ ఒకే కార్డు మీద ఎక్కించాడు.
మా అమ్మ బర్మా మనిషి,
బుగ్గల మీద తనకా గంధం.
కంచరపాలెంలో నలభై ఏళ్లుండి
వంకాయలు బేరమాడేంత తెలుగు నేర్చింది,
తిట్టేంత కూడా.
కార్డులో మాత్రం "భార్య" అనే ఉంది. పేరు లేదు.

"మరో దేశపు పాస్‌పోర్టు ఈ బిడ్డకి లేదని
ప్రమాణం చెయ్యాలమ్మా."
కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది.
"ఈ దేశానిదే లేదు బాబూ."

మొదటి కాగితం మీద ఉన్నదంతా కొట్టాను.
గీతలు దాటి, మార్జిను దాటి,
ఆఫీసరు సంతకం జాగాలోకి పోయింది.
తీసి, మడిచి, జేబులో పెట్టుకున్నాను.
రెండోదాని మీద:
తల్లికి సెలవు దొరకలేదు.
చదివి వినిపించాను.
"అంతేనా?"
"అంతే."
రేవు వైపు నించి ఓడ కూత వినబడేదాకా
ఊరుకుని,
"నిజమే గదా" అంది.

ఈలోగా లోవరాజు మునివేళ్ల మీద నిలబడి
మిషను మీద ఒక మీట నొక్కాడు.
సరిగ్గా జాతీయత గడిలో పడింది
వాడికి పేరు తెలియని అక్షరం.
దిద్దాలి. తెల్లరంగు సీసా ఎండిపోయింది.
కొత్త ఫారం పది రూపాయలు.
ఆదెమ్మ గ్లాసులు పట్టుకొచ్చి
"ఏటి రాస్తన్నావురా?" అంది.

వాడు తలెత్తలేదు.
రెండో అక్షరం వెతుకుతున్నాడు.